సారక్క మొదటి మొగుడు

రోజారాణి పదో తరగతి సర్టిఫికెట్ మీద తండ్రి పేరు సారంగపాణి అని ఉంది. అది ముమ్మాటికీ నిజం. ఆ ఇంటిని నిలువునా ముంచింది కూడా ఆ నిజమే.

ఎందుకంటే బొగ్గు కంపెనీ రికార్డుల్లో సారంగపాణి అనే మనిషే లేడు. ముప్పై ఆరేళ్లుగా ఆ బొగ్గుగనిలోకి దిగుతూ ఎక్కుతూ ఉన్నది వెంకటరామారావు. హాజరు పుస్తకంలో, జీతం కాగితంలో, క్వార్టర్ తలుపు మీద, చివరికి ఆధార్ కార్డులో కూడా సారంగపాణి ఫొటో పక్కన వెంకటరామారావు అనే ఉంటుంది. దీనికి గనుల దగ్గర మారుపేరు అంటారు. ఒకప్పుడు పిలుపు కాగితం ఒకరికి వచ్చేది, గనిలోకి ఇంకొకరు దిగేవారు. అలా దిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో తెలివైనవాళ్లు పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు తండ్రి పేరు దగ్గర కంపెనీ పేరే చెప్పుకున్నారు. సారంగపాణికి ఆ తెలివి లేకపోయింది. గనిలో ఎలాగూ పరాయివాడి పేరు మోస్తున్నాను, కన్నబిడ్డకైనా నా పేరు ఉండాలి కదా అనుకున్నాడు. హెడ్మాస్టర్ అడగ్గానే ఛాతీ విరుచుకుని సొంత పేరు చెప్పాడు. జీవితంలో ఆ మనిషి గొప్పకు పోయింది ఆ ఒక్కసారే.

ఇక ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పాలి. సారంగపాణిది ములకలపల్లి అవతల అడవి అంచున ఒక చిన్న పల్లె. పెళ్లికి ముందే వేంసూరులో ఒక రైతు ఇంట్లో జీతానికి కుదిరాడు. ఆ ఇంటివాళ్లు కోస్తా నుంచి వచ్చి భూములు కొని స్థిరపడ్డవాళ్లు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు వెంకటరామారావుకూ సారంగపాణికీ ఒకటే వయసు. చినబాబు ఎక్కడికి వెళ్లినా వెనకే పాణిగాడు సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాల్సిందే. ఒకసారి ఇద్దరూ సత్తుపల్లి వెళ్లి పాత నలుపు తెలుపు సినిమా చూశారు. అందులో ఒక జమీందారు మేనల్లుడు పెళ్లిచూపులకు వెళ్తూ సరదాకి బండివాడితో బట్టలు మార్చుకుంటాడు. పిల్ల తండ్రి బండివాడికి కాళ్లు కడిగి పాయసం పెడతాడు. అసలు మేనల్లుడికి పశువుల కొట్టంలో గడ్డి మీద పడక దొరుకుతుంది. మూడు గంటల గందరగోళం తర్వాత నిజం బయటపడి అందరూ కడుపులు పట్టుకుని నవ్వుకుంటారు. బండివాడికి కొత్త పంచెలు పెట్టి సాగనంపుతారు.

ఆ వారంలోనే వెంకటరామారావుకు గని ఉద్యోగానికి పిలుపు కాగితం వచ్చింది. స్నేహితులతో పందెం కాసి ఎప్పుడో పేరు నమోదు చేయించుకున్నాడట, అంతే. నేల కింద తట్టలు మోసే ఖర్మ ఆయనకేమిటి? కాగితాన్ని విసనకర్రలా ఊపుకుంటూ కాసేపు ఆలోచించి, సినిమా గుర్తొచ్చి, ఎగిరి గంతేశాడు. "ఒరే పాణిగా, నువ్వు పోరా నా పేరు చెప్పి! బండివాడు జమీందారైనట్టు!" అన్నాడు. అడిగినప్పుడల్లా తన సర్టిఫికెట్లూ ఇచ్చాడు. సారంగపాణికి అది దేవుడిచ్చిన వరంలా కనిపించింది. వరమే. సారక్కను పెళ్లి చేసుకున్నాడు, రెండు గదుల క్వార్టర్‌లో ఉన్నాడు, బిడ్డను డిప్లొమా దాకా చదివించాడు. ఎటొచ్చీ ఆ సినిమాకు చివరి రీలు ఉంది, దీనికి లేదు.

ఇప్పుడు ఆయనకు యాభై ఏడేళ్లు. ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము. నాలుగు మెట్లెక్కితే పిల్లికూతలు. మెడికల్ బోర్డు అన్‌ఫిట్ అని రాసింది. కాలనీలో అన్‌ఫిట్ అని రాస్తే ఎవరూ ఏడవరు, మిఠాయి పంచుతారు. పాడైపోయిన తండ్రి స్థానంలో కొడుకుకో కూతురికో ఉద్యోగం వస్తుంది గనక. సారంగపాణి కూడా కిలో మైసూర్‌పాక్ తెచ్చి పంచాడు. రోజారాణికి ముప్పై నాలుగు నిండాయి. భర్త లారీ కింద పడి పోతే ఏడేళ్ల పిల్లను వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చి, కొత్తగూడెంలో ఒక బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడి చీరలు మడతపెడుతోంది. ముప్పై అయిదు నిండితే ఈ ఉద్యోగానికి పనికిరాదు. ఇంకా ఏడు నెలలే ఉంది.

దరఖాస్తు చూసిన పర్సనల్ ఆఫీసర్ నాగలత రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. "రావుగారూ, మీ పేరు వెంకటరామారావు. ఈ అమ్మాయి సారంగపాణి కూతురు. మీకేమవుతుంది?" అని అడిగింది.

సారంగపాణి మారుపేరు సంగతి చూచాయగా చెప్పాడు. ఆమె కోప్పడలేదు, ఆ మాట కాగితం మీద పెట్టనూ లేదు. అసలు వెంకటరామారావు ఎవరో ఆయనే వచ్చి, తాను ఎప్పుడూ కంపెనీలో పనిచేయలేదని, పనిచేసింది ఈ సారంగపాణేనని రాసిచ్చి సంతకం పెడితే పేరు మార్పు కోసం పైకి పంపుతానంది. అది లేకుండా ఒప్పుకుంటే మాత్రం దొంగపేరుతో చేరినందుకు ఉద్యోగమే తీసేస్తారని కూడా చెప్పింది.

ఆ రోజు ఇంటికొచ్చాక రోజారాణి అన్న మాట సారంగపాణి గుండెలో ముల్లులా దిగబడిపోయింది. "అందరు నాయినలు కంపెనీ పేరే రాపిచ్చిన్రు. నువ్వెందుకు రాపియ్యలే నాయినా? నీ పేరు నాకేం పెట్టింది?" అంది ఆ పిల్ల. అని, తర్వాత వంటింట్లోకి పోయి ఏడ్చింది. అన్నదానికి ఏడ్చిందో, రాని ఉద్యోగానికి ఏడ్చిందో ఆయనకు తెలియలేదు.

మర్నాడే వేంసూరు బస్సెక్కాడు.

వెంకటరామారావు ఇప్పుడు ఆయిల్ పామ్ తోటల ఆసామి. కొడుకు ఉదయ్ భాస్కర్ సొసైటీ ఎన్నికల్లో చైర్మన్ పదవికి నిలబడుతున్నాడు. సారంగపాణి వెళ్లేసరికి హాలు నిండా వియ్యాలవారు ఉన్నారు. గుమ్మంలో మనిషిని చూడగానే వెంకటరామారావు ముఖం వెలిగిపోయింది.

"రారా వెంకట్రామారావూ!" అని కేకేశాడు. వియ్యంకుడి వైపు తిరిగి, "బావగారూ, ఇతని పేరేంటో తెలుసా? నా పేరే! ఇన్నాళ్లూ గనిలో నా బదులు బొగ్గు తవ్వింది వీడే!" అన్నాడు.

వాళ్లకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన కొడుకు చేత పెద్ద టీవీలో ఆ పాత సినిమా పెట్టించాడు. బట్టలు మార్చుకునే ఘట్టం వచ్చేదాకా ముందుకు జరిపించాడు. బండివాడికి పొడవైపోయిన కోటు, కాళ్లకు బిగుతైన బూట్లు, కుర్చీలో ఎలా కూర్చోవాలో తెలియక అంచు మీద కూర్చోవడం. హాల్లో నవ్వులే నవ్వులు. సారంగపాణిని తలుపు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు. ఆయన కూడా అంచు మీదే కూర్చుని ఉన్నాడు. అది వియ్యపురాలు చూసి మరీ నవ్వింది. అందరూ నవ్వుతుంటే తానొక్కడూ మూతి బిగించుకుంటే బాగుండదని సారంగపాణి కూడా నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. దగ్గు ఆగేదాకా వాళ్లు సినిమా ఆపి ఉంచారు. ఆ మర్యాద మాత్రం చేశారు.

ఇంటావిడ భారతమ్మగారు కాఫీ ఇచ్చాక సారంగపాణి వచ్చిన పని చెప్పాడు. ఒక్క సంతకం అన్నాడు. బిడ్డ బతుకు అన్నాడు. చేతులు జోడించాడు.

వెంకటరామారావు ముఖంలో నవ్వు ఆరిపోవడానికి కొంచెం సమయం పట్టింది. "సరదాకి చేసిన పనిరా అది. దానికి సంతకాలూ సాక్ష్యాలూ ఏంట్రా?" అన్నాడు.

"నాన్న సంతకం పెట్టరు," అని ఉదయ్ భాస్కర్ తేల్చేశాడు. "సర్టిఫికెట్లు ఇచ్చింది నాన్నేనని బయటికొస్తే రేపు కేసవుతుంది. ఎన్నికల ముందు నాకిది అవసరమా? మీరు పెద్దవారు, మీకే తెలుస్తుంది."

నిజం చెప్పాలంటే వెంకటరామారావు చెడ్డవాడు కాదు. ఒక్క క్షణం కొడుకు వంక చూశాడు కూడా. కానీ ఆయన జీవితంలో ఆ సంగతి ఒక సరదా కథ. వచ్చినవాళ్లకు చెప్పుకుని నవ్వుకోవడానికి పనికొచ్చేది. దానికి ఇంకో కొస ఉందనీ, ఆ కొసన ఒక మనిషి ముప్పై ఆరేళ్లు చీకట్లో నిలబడ్డాడనీ ఆయనకు ఎన్నడూ తట్టలేదు. తట్టే అవసరమూ రాలేదు. బయల్దేరేటప్పుడు భారతమ్మగారు సారంగపాణికి ఒక కొత్త పంచెల చాపు పెట్టి పంపింది. అది బస్సులో వదిలేసి దిగాడాయన. మరిచిపోయి కాదు.

దారి చూపించింది పూల్‌సింగ్. యూనియన్‌లో ఏళ్ల తరబడి తిరిగి రిటైరైన మనిషి, కంపెనీ రూళ్లన్నీ నోటికి వచ్చు. చెట్టు కింద టీ తాగుతూ చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"రావన్నా, ఒక్క తొవ్వ ఉన్నది. సవతి బిడ్డకు గూడ ఇస్తరు నౌకరి. చిన్నప్పటి సంది సాదినట్టు తల్లి ఎంక్వైరీల జెప్పాలె."

"సవతి బిడ్డ ఏంది? అది నా బిడ్డ."

"అవ్, నీ బిడ్డనే. కాయితం మీద సారంగపాణి బిడ్డ. సారంగపాణి సచ్చిపోయిండు, ముండమోసిన సారక్కను వెంకటరామారావు జేస్కున్నడు, పిల్లను సాదిండు. గిట్ల జెప్తే అన్ని కాయితాలు కల్సిపోతయ్. మేడంకు నువ్వు జెప్పింది నోటిమాటనే, కాయితం మీద లేదు." పూల్‌సింగ్ గ్లాసు కింద పెట్టాడు. "గాని సారంగపాణి సచ్చిపోవాలె అన్నా. అదొక్కటే."

సారంగపాణి నవ్వాడు. తర్వాత నవ్వడం మానేశాడు. పూల్‌సింగ్ నవ్వడం లేదు.

సారక్క ఈ మాట విని రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు. "ఇంట్ల ఒక్క విధవ ఉన్నది, సాలదా?" అంది. రోజారాణి తల వంచుకుని అన్నం వండింది. ఆ పిల్ల ఉద్యోగం కావాలనీ అనలేదు, వద్దనీ అనలేదు. షాపులో నిలబడి నిలబడి వాచిన పాదాలకు రాత్రిపూట వేడినీళ్ల కాపడం పెట్టుకుంటూ కూర్చునేది. మూడో రోజు పొద్దున సారక్కే వచ్చి సారంగపాణి ముందు నిలబడి, "పోయి తేపో ఆ కాయితం," అంది.

మరణ ధ్రువపత్రం కోసం ఆయన తన పుట్టిన ఊరికి తానే వెళ్లాడు. ఫలానా సారంగపాణి చనిపోయాడని ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు వాంగ్మూలం ఇవ్వాలి. చిన్నప్పుడు తునికాకు కోయడానికి కలిసి తిరిగిన బొజ్జయ్య ఇంకా ఉన్నాడు. కళ్లు సరిగా కనిపించవు. సంగతంతా విన్నాడు.

"ఎట్ల సచ్చినవని రాద్దాం? పాము కరిసిందందామా?" అని అడిగాడు.

"పాము అంటే ఏ దవాఖానాకు తీస్కపోయిన్రని అడుగుతరు. జెరమని రాయి."

"మంచిగనే ఆలోచన జేసి వచ్చినవ్ గద." బొజ్జయ్య బొటనవేలికి సిరా పూసుకున్నాడు. కాగితం మీద ఆనించబోయి ఆగాడు. "నువ్వు ఎదురుంగ కూసున్నవ్. నువ్వు సచ్చినవని నేను ఏలుముద్ర ఏస్తున్న. గిదేం కాలమో!" అన్నాడు. వేశాడు. పక్కింటి ముసలాయన చేత కూడా వేయించాడు. మధ్యాహ్నం అన్నం తినకుండా కదలనివ్వలేదు. చేపల కూర పెట్టి, ఎదురుగా కూర్చుని, కనిపించని కళ్లతో చూస్తూ, ఇంకొంచెం ఇంకొంచెం అని వడ్డించాడు.

ఎంక్వైరీకి పిలుపు వచ్చేలోపు పూల్‌సింగ్ ముగ్గురినీ కూర్చోబెట్టి పదిసార్లు పాఠం చెప్పాడు. మొదటి పెళ్లి ఎక్కడ, రెండో పెళ్లి ఏ గుళ్లో, పిల్లకు అప్పుడెన్నేళ్లు, మొదటి మొగుడు ఏ నెలలో పోయాడు. సారక్క అన్నిటికీ తడుముకోకుండా జవాబు చెప్పింది. ఒక్క ప్రశ్న అడగాలని మాత్రం ఎవరికీ తోచలేదు. అందరికీ తెలిసిన జవాబు గనక ఎవరూ అడగలేదు.

ఎంక్వైరీ గదిలో నాగలత ఉంది, పక్కన రాసుకోవడానికి సుశీలమ్మ అనే గుమాస్తా ఉంది. బల్ల మీద నిలబెట్టిన సెల్‌ఫోన్‌లో అంతా రికార్డవుతోంది. సారంగపాణినీ రోజారాణినీ గోడవారన కూర్చోబెట్టి, సారక్కను ఎదురుగా పిలిచారు.

"మీ ఆయన పేరు చెప్పండమ్మా," అంది నాగలత.

"వెంకటరామారావు," అంది సారక్క గడగడా.

"ఈయన్ని చేసుకోకముందు మీకు పెళ్లయిందా?"

"అయింది."

"ఆయన ఉన్నారా?"

"లేడు. జెరమొచ్చి పోయిండు. బిడ్డకు అప్పుడు రెండేండ్లు."

"ఆయన పేరు?"

సారక్క నోరు తెరిచింది. మూసుకుంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు అర్థమైంది సారంగపాణికి. సారక్క మొగుడి పేరు ఎన్నడూ నోటితో అన్న మనిషి కాదు. వాళ్లలో ఏ ఆడదీ అనదు. పెళ్లిళ్ల దగ్గర, జాతరల దగ్గర ఎవరైనా అడిగితే పక్కనున్నవాళ్లు అందించేవారు. వెంకటరామారావు అనే పేరు ఆమెకు ఎప్పుడూ మొగుడి పేరు కాదు. అది క్వార్టర్ నంబర్ లాంటిది, ఎన్నిసార్లయినా అంటుంది. ఆ అసలు పేరు మాత్రం పెళ్లయిన నాటి నుంచి ఆమె నాలుక మీదికి రాలేదు. పదిసార్లు పాఠం చెప్పుకున్నారు, ఈ సంగతి మరిచారు.

"మా అమ్మ అనది మేడం. నేను జెప్త," అని రోజారాణి లేచింది.

"మీరు కాదు. ఆమే చెప్పాలి," అంది నాగలత.

సుశీలమ్మ కలం ఆపి తలెత్తింది. ఆమె సారక్క వయసుదే. సారక్క వంక చూసి, గోడవారనున్న మనిషి వంక చూసింది. నాగలత చాలా నెమ్మదిగా, "మా అమ్మ కూడా నాన్న పేరు అనేది కాదమ్మా," అంది. "నేను చూశాను. ఇక్కడేమో బతికున్న ఆయన పేరు టక్కున చెప్పారు. పోయినాయన పేరు దగ్గర ఆగిపోయారు. నేనేమనుకోవాలి?"

సారంగపాణికి ఊపిరి అందడం లేదు, దగ్గితే ఏమవుతుందోనని దగ్గును గొంతులో నొక్కిపెట్టాడు. ఇక అయిపోయిందనుకున్నాడు. బిడ్డ ఉద్యోగం పోయింది, తన పింఛనూ పోయింది, రేపు క్వార్టర్ ఖాళీ చేయాలి. అంతకంటే ఆశ్చర్యమేమిటంటే, ఆ భయం అడుగున ఎక్కడో ఆయనకు కొంచెం సంతోషంగా కూడా ఉంది. అంటే తాను ఆమెకు ఇంకా మొగుడేనన్నమాట. ఆ సంతోషానికి సిగ్గుపడ్డాడు.

"పేరు మీ నోటితో రికార్డు కావాలి," అంది నాగలత. కిటికీ వైపు చూస్తూ అంది, వాళ్ల వైపు కాదు. "చెప్తే రాసుకుంటాను. చెప్పకపోతే ఫైలు తిప్పి పంపుతాను. అంతకంటే నేను అడగను."

సారక్క కొంగు తీసేసింది. వెనక్కి తిరిగి కూతురి పాదాల వంక చూసింది. మొగుడి వంక చూడలేదు.

"సారంగపాణి," అంది. గొంతు గట్టిగానే వచ్చింది. "సారంగపాణి. సచ్చిపోయిండు."

సుశీలమ్మ తల వంచుకుని రాసింది. నాగలత సెల్‌ఫోన్ ఆపేసింది. "సరే వెళ్లండి. ఆర్డరు నెలలో వస్తుంది," అంది. రోజారాణి తల్లి భుజం పట్టుకుంది. సారంగపాణి తల్లి పోయినప్పటి నుంచి అయినవాళ్లెవరూ ఆ పేరును అంత స్పష్టంగా, రెండుసార్లు, ఆయన చెవిన పడేలా అనలేదు. ఎంత బాగుందో ఆ పేరు! ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి నోట మొట్టమొదటిసారి విన్నాడు, విన్నది తన చావు కబురులో.

ఆఫీసు బయట రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డారు. రోజారాణి షాపుకు ఫోన్ చేసి ఇవాళ రాలేనని చెప్పడానికి పక్కకు వెళ్లింది. బొగ్గు లారీలు వరసగా పోతున్నాయి. సారక్క ముఖానికి కొంగు కప్పుకుని, దుమ్ముకు కప్పుకున్నట్టే నిలబడి ఉంది. సారంగపాణి ఆమె పక్కకు జరిగాడు.

"ఒక్కపారి మల్ల అను," అన్నాడు.

"ఏంది?"

"గదే. లోపల అన్నవ్ గద. నా పేరు."

సారక్క కొంగు తీసి ఆయన్ని కింది నుంచి పైదాకా చూసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సిగ్గులేదా? బతికున్న మొగని పేరు ఎట్ల అంట?" అంది.